పోలీసు సెట్టులో విన్నది వాట్సాప్‌లో పెట్టే ముందు

పోయిన కార్తీకమాసంలో ఒక సాయంత్రం, ముసునూరు టోల్‌గేటుకు కొంచెం అవతల లారీ, బైకు గుద్దుకున్నాయి. బైకు మీదున్న అబ్బాయి అక్కడికక్కడే పోయాడు. ఆ సంగతి సెట్టులో, అంటే పోలీసుల వైర్‌లెస్‌లో, కంట్రోల్ రూముకు చెబుతున్న పోలీసాయన మాటలు, నలభై ఒక్క సెకన్ల ఆడియో, అరగంటలో కావలి గ్రూపులన్నిట్లో తిరిగింది. కింద బైకు నంబరు టైపు చేసి మరీ పెట్టారు. ఆ నంబరులో ఒక అంకె తప్పు. సెట్టులో పోలీసాయన "నైన్" అన్నాడు. విన్నవాడికి గరగరలో అది "ఫైవ్" అని వినపడింది.

ఆ తప్పు నంబరు బోగోలులో ఒక ఇంటివాళ్ళది. వాళ్ళబ్బాయి కందుకూరులో పెళ్ళికి పోయున్నాడు, ఫోన్‌లో ఛార్జింగ్ అయిపోయింది. రెండున్నర గంటలసేపు ఆ తల్లి బతికున్న కొడుకు కోసం ఏడ్చింది. ఇంటి ముందు షామియానా ఎక్కడ కట్టాలో వీధిలో కుర్రాళ్ళు చూస్తున్నారట. రాత్రి పదింటికి ఆ అబ్బాయి ఎవరి ఫోన్ నుంచో ఇంటికి మాట్లాడాడు. వెంటనే గ్రూపులో ఇంకో మెసేజ్ పడింది: "సారీ, కరెక్ట్ నంబర్ ఇది." నిజంగా పోయిన అబ్బాయి ఇంటికి చేరిన మొదటి కబురు ఆ సారీ మెసేజే. బండి ఇంకా పాత ఓనరు పేరు మీదే ఉండటంతో పోలీసులకు ఇల్లు దొరకడం ఆలస్యమైంది. వాళ్ళు వెళ్ళేసరికి ఇంట్లోవాళ్ళు అప్పటికే ఏడుస్తూ రోడ్డు మీదికి వచ్చేశారు.

ఆ ఆడియో పట్టిన అబ్బాయి నాకు బాగా తెలుసు. డిగ్రీ చదువుతున్నాడు, నా షాపుకు వస్తుంటాడు. కావలి ట్రంకు రోడ్డులో ముప్ఫై నాలుగేళ్ళుగా రేడియోలు, టీవీలు బాగుచేస్తున్నాను. హ్యామ్ లైసెన్స్, అంటే సరదాకు సొంతంగా రేడియోలో మాట్లాడుకునేవాళ్ళకు ఇచ్చే అనుమతి, ఉంది. విమానాల సిగ్నల్ పట్టాలని అడిగితే వాడి డాంగిల్‌కు, అంటే కంప్యూటరుకు గుచ్చి రేడియో పట్టే చిన్న పరికరానికి, యాంటెన్నా కట్టిచ్చింది నేనే. కట్టిచ్చేటప్పుడు ఏది వినొచ్చో, ఏది వినకూడదో, విన్నది ఏం చేయకూడదో చెప్పలేదు. అది నేను చెప్పి పంపాల్సిన మాట. ఆలస్యంగానైనా ఇప్పుడు అందరికీ రాస్తున్నాను.

గాలిలో వచ్చింది గదా అనే మాట

మర్నాడు వాణ్ణి పిలిపిస్తే మొహం వేలాడేసుకుని వచ్చాడు. అయినా ఒక మాట మాత్రం అన్నాడు: "గాలిలో వచ్చింది బాబాయ్. నేనేమన్నా వాళ్ళ స్టేషన్లోకి పోయి దొంగతనం చేశానా?"

చాలామంది అనుకునేది ఇదే కాబట్టి ముందు దీని సంగతి చూద్దాం. తరంగం మన మిద్దె మీదుగా పోయినంత మాత్రాన అందులోని మాట మనదైపోదు. పోస్టుమాన్ మన వీధిలోంచే పోతాడు, అతని సంచిలో ఉత్తరాలన్నీ మనవి కావు గదా. రేడియోని పట్టే పరికరానికి మన దేశంలో మొదటినుంచీ అనుమతి అడుగుతూనే వచ్చారు. మా తాతకు మర్ఫీ రేడియో ఉండేది. దానికి ఒక లైసెన్స్ పుస్తకం. ఏటా పోస్టాఫీసుకు పోయి డబ్బు కట్టి అందులో స్టాంపు వేయించుకునేవాడు. 1933 నాటి ఇండియన్ వైర్‌లెస్ టెలిగ్రఫీ చట్టం నాటి పద్ధతి అది. పాటలు, వార్తలు వినే రేడియోకు ఆ లైసెన్స్ గొడవ ఎనభైల్లో పోయింది. ఆ మినహాయింపు ఆకాశవాణి వినడానికే గానీ పోలీసు ఛానల్ వినడానికి కాదు.

ఇప్పుడున్నది టెలికమ్యూనికేషన్స్ చట్టం, 2023. అందులో 42వ సెక్షన్ 2024 జూన్ 26 నుంచి అమల్లో ఉంది. ఒక సందేశాన్ని చట్టవిరుద్ధంగా మధ్యలో పట్టుకుంటే మూడేళ్ళ దాకా జైలు, లేదా రెండు కోట్ల రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. సందేశం అంటే ఆ చట్టం లెక్కలో ఫోన్ కాల్ ఒక్కటే కాదు. శబ్దం, రాత, బొమ్మ, వీడియో, డేటా, ఏదైనా సరే. రెండు కోట్లు అనగానే వాడు తలెత్తి చూశాడు. అది గరిష్ఠం, మొదటిసారి దొరికిన కుర్రాడికి అంతా వేస్తారని కాదు. కానీ చట్టం దీన్ని ఎంత పెద్ద తప్పుగా చూస్తుందో ఆ అంకెలోనే ఉంది.

ఇంకో సంగతి. ప్రభుత్వమే ఒకరి మాటలు వినాలంటే హోంశాఖ కార్యదర్శి స్థాయిలో ఆర్డరు ఉండాలి, ఆ ఆర్డరును కమిటీ తిరిగి చూడాలి అని 1996లోనే పీయూసీఎల్ అనే పౌరహక్కుల సంఘం వేసిన కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. పోలీసులకే అనుమతి కావాల్సిన పనిని మనం డాబా మీద డాంగిల్ పెట్టి అనుమతి లేకుండా చేయగలమా?

మా హ్యామ్ వాళ్ళకు పరీక్షకు చదివేటప్పుడే నేర్పే పాఠం ఒకటుంది. అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ రేడియో నిబంధనల్లో 17వ ఆర్టికల్ అది. అందరి కోసం పంపని రేడియో సందేశాన్ని అనుమతి లేకుండా పట్టడాన్ని సభ్యదేశాలు ఆపాలి. పొరపాటున చెవిన పడినా, అందులో ఏముందో బయటపెట్టకూడదు, అచ్చు వేయకూడదు, దాన్ని వాడుకోకూడదు. చివరికి అలాంటి సందేశం ఒకటి నడిచిందని చెప్పడం కూడా కూడదు. అంటే వినడం ఒక మెట్టు, చెప్పడం ఇంకో మెట్టు. వాట్సాప్‌లో పెట్టినవాడు రెండు మెట్లూ దాటాడు.

మీ చేతిలో ఉన్నది ఏ ఆడియో

పంచుకోవచ్చా లేదా అని అడిగేవాళ్ళను నేను ముందు అడిగేది ఒకటే. ఆ మాట ఎవరి కోసం అన్నారు? నెల్లూరులో రొట్టెల పండుగకు బారాషహీద్ దర్గా దగ్గర స్వర్ణాల చెరువు గట్టున నిలబడితే ఇది చక్కగా తెలుస్తుంది. "ఎరుపు గౌను వేసుకున్న పాప కంట్రోల్ రూములో ఉంది, తల్లిదండ్రులు రావాలి" అని పోలీసులు మైకులో చెబుతారు. అది అందరి కోసం. రికార్డు చేసి పది గ్రూపుల్లో పెట్టినా మేలే. ఆ మైకు కింద నిలబడ్డ కానిస్టేబుల్ భుజం మీది సెట్టులో కూడా అదే సమయంలో ఒక గొంతు మాట్లాడుతూ ఉంటుంది. అది వాళ్ళలో వాళ్ళ మాట. ఆ మాటను మోసుకుపోయే హక్కు మనకు లేదు.

ఇక మన చేతికి ఆడియో వచ్చే దారులు. డాంగిల్‌తోనో, చైనా వాకీటాకీతోనో మీరే పట్టి ఉంటే దాని సంగతి పైనే చెప్పాను. వినడం ఆపండి, రికార్డు ఉంచుకోవద్దు.

టీ కొట్టు దగ్గర కానిస్టేబుల్ సెట్టులోంచి వస్తున్నది ఫోన్‌లో రికార్డు చేసి ఉంటే, నేను రేడియో పట్టలేదు కదా అని ధైర్యపడొద్దు. ఎక్కడ రైడ్ జరగబోతోందో ఆ ఆడియోలో ఉండి, మీరు పెట్టిన పోస్టు వల్ల పేకాట వాళ్ళో, ఇసుక లారీల వాళ్ళో జారుకుంటే అది ప్రభుత్వ ఉద్యోగి పనికి అడ్డుపడటం కిందికి వస్తుంది. పాత ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహితలో అది 221వ సెక్షన్. ఉదయం పూట జిల్లా ఆఫీసర్లు పెట్టే సెట్ కాన్ఫరెన్స్ మాటలు కొన్నిసార్లు బయట తిరుగుతుంటాయి. ఫలానా ఎస్సైని తిట్టారని నవ్వుకుంటూ పంపుకుంటారు. ఆ కాన్ఫరెన్స్‌లో పెండింగు కేసులు, సాక్షుల పేర్లు, బందోబస్తు లెక్కలు అన్నీ వస్తాయని నవ్వేవాళ్ళకు గుర్తుండదు.

ఎవరో పంపింది మీకు వచ్చిందనుకోండి. మీరు పట్టలేదు, మీకు వచ్చింది. ఇక్కడే ఎక్కువమంది పడతారు. "ఫార్వర్డెడ్ యాజ్ రిసీవ్డ్" అని కింద రాస్తే రక్షణ అని నమ్ముతారు. ఆ మాటకు ఏ చట్టంలోనూ విలువ లేదు. మీరు నొక్కిన బటన్ మీదే. గ్రూపు అడ్మిన్ల సంగతి వేరు. సభ్యుడు పెట్టినదానికి అడ్మిన్ అయినందుకే బాధ్యుణ్ణి చేయలేరని 2022 ఫిబ్రవరిలో కేరళ హైకోర్టు చెప్పింది. అలాగని అడ్మిన్ చూస్తూ కూర్చోవద్దు. తీసేసే బటన్ చేతిలో ఉన్నది ఆయనకే.

ఆడియో లోపలి మనుషులు

నేను ఎక్కువ చెప్పాలనుకున్నది ఇది. సెక్షన్ల భయంతో ఆగేవాళ్ళకన్నా ఇది తెలిసి ఆగేవాళ్ళు ఎక్కువ కావాలి.

సెట్టులో మాట్లాడేవాళ్ళు అందరికీ అర్థమయ్యేలా మాట్లాడరు. గబగబా మాట్లాడతారు. ఊరి పేరు సగం మింగుతారు. మధ్యలో ఇంకొకరు బటన్ నొక్కితే అక్షరం ఎగిరిపోతుంది. ఫైవ్, నైన్ ఒకేలా వినపడతాయనే విమానాల వాళ్ళు, రేడియో వాళ్ళు తొమ్మిదిని "నైనర్" అని, ఐదును "ఫైఫ్" అని పలుకుతారు. సెట్టు చేతిలో ఉన్న పోలీసుకు అనుమానం వస్తే "రిపీట్" అని అడుగుతాడు, అవతలివాళ్ళు మళ్ళీ చెబుతారు. నేను ఆ నలభై ఒక్క సెకన్ల ఆడియో షాపులో హెడ్‌ఫోన్ పెట్టుకుని మూడుసార్లు విన్నాను. చివర్లో కంట్రోల్ నుంచి "రిపీట్ చేయండి" అని వినపడుతుంది. దాని జవాబు ఆడియోలో లేదు, అక్కడికి కట్ అయిపోయింది. ఆ జవాబులోనే సరైన నంబరు ఉండి ఉంటుంది.

సెట్టులో వచ్చేది మొదటి మాట, ఆఖరి మాట కాదు. స్పాట్‌లో ఇద్దరు అంటారు, పదినిమిషాలకు ఒకరే అంటారు. చనిపోయారు అంటారు, నెల్లూరు పెద్దాసుపత్రికి తీసుకుపోయేసరికి ఊపిరి ఉంటుంది. వాళ్ళకు అది పని జరిగే క్రమం. మనకు చేరేది అందులో ఒక ముక్క.

ఆ ముక్కకు తేదీ కూడా ఉండదు. 2021 నవంబరులో పెన్నకు వరద వచ్చి పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింద మట్టి కొట్టుకుపోయింది, కోవూరు దగ్గర హైవే తెగింది. అప్పట్లో సెట్టు మాటలంటూ ఒక ఆడియో తిరిగింది. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుఫాను వచ్చినప్పుడు అదే ఆడియో మళ్ళీ నా ఫోన్‌కు వచ్చింది, "ఇప్పుడే" అని రాసి. పడుగుపాడు పట్టాల మాట అందులో ఉండబట్టి నేను గుర్తుపట్టాను. చెన్నై నుంచి రావాల్సిన కూతుళ్ళు, అల్లుళ్ళు ఉన్న ఇళ్ళలో ఆ రోజు ఎంత టెన్షన్ పడ్డారో నాకు తెలుసు. జనాన్ని భయపెట్టే తప్పుడు సమాచారం పాకిస్తే న్యాయ సంహిత 353వ సెక్షన్ ఉంది, మూడేళ్ళ దాకా జైలు.

ఆడదాని మీద అఘాయిత్యం జరిగిన కేసు సెట్టులో వస్తే ఊరు, వీధి, తండ్రి పేరు అన్నీ వస్తాయి, ఎందుకంటే జీపు అక్కడికి చేరాలి. అది బయటికి వస్తే బాధితురాలు ఎవరో ఊరందరికీ తెలిసిపోతుంది. పేరు చెప్పకపోయినా గుర్తుపట్టేలా ఉంటే చాలు, తప్పే. న్యాయ సంహిత 72వ సెక్షన్ కింద రెండేళ్ళ దాకా జైలు, జరిమానా. పిల్లల విషయమైతే, వాళ్ళను లైంగిక నేరాల నుంచి కాపాడే పోక్సో చట్టం 23వ సెక్షన్. ఈ రకం ఆడియో మీ దగ్గరికి వస్తే ఇంట్లోవాళ్ళకు కూడా వినిపించకండి.

పోలీసుల ప్రాణాల సంగతి కూడా ఆలోచించాలి. 2008 నవంబరు 26న మొదలైన ముంబయి దాడుల్లో కమాండోలు ఎక్కడెక్కడ దిగుతున్నారో టీవీలు లైవ్‌లో చూపించాయి. అవతల దేశంలో కూర్చున్నవాళ్ళు అది చూసి లోపలి ముష్కరులకు ఫోన్‌లో చెప్పారు. 2012లో కసబ్ కేసు తీర్పులో సుప్రీంకోర్టు ఆ టీవీ ప్రసారాలను గట్టిగా తప్పుపట్టింది. ఆ తర్వాత 2015లో, ఉగ్రవాదులపై ఆపరేషన్ జరుగుతుంటే లైవ్ చూపించకూడదని కేబుల్ టీవీ నిబంధనల్లోనే చేర్చారు. మన జిల్లాలో అంత పెద్ద ఘటన జరగకపోవచ్చు. కత్తి పట్టుకుని ఇంట్లో తలుపేసుకున్నవాడి చేతిలోనూ ఫోన్ ఉంటుంది.

అమెరికాలో అందరూ వింటారు గదా

మా చెల్లెలి కొడుకు డల్లాస్‌లో ఉంటాడు. సుడిగాలి సైరన్ మోగినప్పుడల్లా ఫోన్ యాప్‌లో అక్కడి పోలీసు, ఫైర్ ఛానళ్ళు పెట్టుకుని వింటాడు. "ఇక్కడ ఇది మామూలే మామా" అంటాడు. వాడు చెప్పేది నిజమే. అక్కడ 1934 నాటి కమ్యూనికేషన్స్ చట్టంలో 605వ సెక్షన్ మన చట్టంలాగే మొదలవుతుంది, ఒకరి రేడియో మాట పట్టి బయటపెట్టకూడదని. 1986లో వచ్చిన ఇంకో చట్టం దానికి ఒక కిటికీ తెరిచింది. తాళం వేయకుండా, అంటే ఎన్‌క్రిప్షన్ లేకుండా, మామూలు జనానికి సులువుగా అందేలా పంపే పోలీసు, ఫైర్ సందేశాలు వినడం నేరం కాదని. అందుకే అక్కడ స్కానర్లు షాపుల్లో దొరుకుతాయి, బ్రాడ్‌కాస్టిఫై లాంటి వెబ్‌సైట్లలో వేలకొద్దీ ఛానళ్ళు లైవ్‌లో నడుస్తాయి.

అక్కడ కూడా పూర్తి స్వేచ్ఛ లేదు. న్యూయార్క్, ఫ్లోరిడా, ఇండియానా, కెంటకీ, మిన్నెసోటా రాష్ట్రాల్లో కారులో పోలీసు స్కానర్ పెట్టుకోవడం మీద ఆంక్షలున్నాయి. నేరం చేయడానికో, తప్పించుకోవడానికో విన్నది వాడితే కాలిఫోర్నియాలో అదే ఒక నేరం. 2013 ఏప్రిల్‌లో బోస్టన్ బాంబుల కేసు వెతుకులాట జరుగుతుంటే జనం సెట్టు మాటలు విని ఏ ఇల్లు సోదా చేస్తున్నారో పోస్టులు పెట్టారు. దయచేసి అలా పెట్టొద్దని బోస్టన్ పోలీసులు బహిరంగంగా అడగాల్సి వచ్చింది. స్కానర్‌లో విన్నామని చెప్పుకుంటూ ఏ సంబంధం లేని ఒక విద్యార్థి పేరును నిందితుడిగా ప్రపంచమంతా పాకించారు. బోగోలు తల్లి సంగతి విన్నప్పుడు నాకు మొదట గుర్తొచ్చింది ఆ విద్యార్థి కుటుంబమే. ఇప్పుడు అక్కడ ఒక్కో నగరం తన ఛానళ్ళకు తాళం వేసుకుంటోంది. న్యూయార్క్ పోలీసులు 2023లో మొదలుపెట్టారు.

మిగతా దేశాలు చూస్తే బ్రిటన్‌లో 2006 వైర్‌లెస్ టెలిగ్రఫీ చట్టం 48వ సెక్షన్ ప్రకారం మన కోసం కానిది వినడమూ నేరమే, చెప్పడమూ నేరమే. జపాన్‌లో విన్నా ఊరుకుంటారు గానీ బయటపెడితే, వాడుకుంటే శిక్ష. అమెరికాను చూసి మనం నడుచుకుంటే కేసు మాత్రం ఇక్కడి కోర్టులో నడుస్తుంది. డల్లాస్ అబ్బాయి అక్కడి ఫీడు అక్కడ వినడం వేరు, వాణ్ణి చూసి మనవాళ్ళు కావలి ఛానల్‌ను నెట్‌లో లైవ్ పెట్టడం వేరు. ఈ ఆలోచన ఎవరికైనా ఉంటే ఈ పూటే మానుకోండి.

ఇప్పటికే పెట్టేసి ఉంటే

ఆ ఆడియో పట్టిన అబ్బాయితో నేను ఏం చేయించానో అదే చెబుతాను. పెట్టిన ప్రతి చోటా "డిలీట్ ఫర్ ఎవ్రీవన్" కొట్టించాను. వాట్సాప్‌లో దానికి పెట్టినప్పటి నుంచి రెండు రోజుల పైచిలుకు వరకే వీలుంటుంది, కాబట్టి ఆలోచిస్తూ కూర్చోవద్దు. గడువు దాటితే అడ్మిన్‌కు ఫోన్ చేసి తీయించండి. తర్వాత గ్రూపులో ఒక మెసేజ్: "నేను పెట్టిన ఆడియో, నంబరు రెండూ పెట్టకూడనివి. మీ దగ్గర ఉంటే తీసేయండి, ముందుకు పంపొద్దు." అంతవరకే. సరైన నంబరు ఇదీ, సరైన పేరు ఇదీ అని సరిదిద్దబోవద్దు. ఆ సవరణ ఇంకో ఇంటికి ఏ కబురు మోసుకెళ్ళిందో పైన చూశారు.

పోలీసుల నుంచి నోటీసు వచ్చిందంటే మాత్రం లెక్క మారుతుంది. ఆ తర్వాత ఫోన్‌లో ఏదీ తీసేయకండి, ఫోన్ ఫార్మాట్ చేయించకండి. సాక్ష్యం మాయం చేయడం ఇంకో నేరం, న్యాయ సంహితలో 238. పాత సీఆర్పీసీ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత 35(3) కింద నోటీసు ఇస్తే చెప్పిన రోజుకు వెళ్ళాలి. వకీలును తీసుకుని వెళ్ళండి, నోటీసు కాపీ ఇంట్లో ఒకటి ఉంచండి. వెళ్ళకుండా ఊరు దాటిపోవడం అన్నిటికన్నా చేటు.

ఆడియోలో పోలీసుల తప్పు ఏదో బయటపడింది, జనానికి తెలియాలి అనిపిస్తే? అలాంటిది ఉండొచ్చు, నేను కాదనను. దాన్ని గ్రూపులో పారేయడం మార్గం కాదు. వకీలుకు చూపించండి, ఆయన ద్వారా పై అధికారికో కోర్టుకో చేర్చండి.

ఊళ్ళో విలేకరిగా పనిచేసేవాళ్ళకు, యూట్యూబ్ ఛానల్ పెట్టుకున్న పిల్లలకు

మీకు త్వరగా వార్త కావాలి, అది మీ పని. సెట్టు ఆడియో వేయకుండానే వార్త రాయొచ్చు. ప్రమాదం జరిగిందని తెలిస్తే స్టేషన్‌కు ఫోన్ చేసి ఎస్సైతోనో సీఐతోనో నిర్ధారించుకోండి. చనిపోయినవాళ్ళ పేరు, ఊరు, బండి నంబరు ఇంట్లోవాళ్ళకు చేరిందని తెలిసేదాకా ఆపండి. రోడ్డు మీద ట్రాఫిక్ నిలిచిపోయిందని, ఏ దారిలో పోవాలని ముందు చెప్పండి, అది అందరికీ పనికొస్తుంది. ఎఫ్ఐఆర్‌ను 24 గంటల్లో నెట్‌లో పెట్టాలని 2016 సెప్టెంబరు 7న సుప్రీంకోర్టు ఆదేశించింది. లైంగిక నేరాలు, పోక్సో, ఉగ్రవాద కేసులకు మాత్రం మినహాయింపు. కాబట్టి మర్నాటికి చేతిలో కాగితమే ఉంటుంది. ఇంకా లోతుగా కావాలంటే సమాచార హక్కు చట్టం కింద ఎస్పీ ఆఫీసుకు పది రూపాయల ఫీజుతో దరఖాస్తు పెట్టండి, ముప్ఫై రోజుల్లో జవాబు రావాలి. దర్యాప్తుకు అడ్డం వచ్చేది, ఒకరి ప్రాణానికి ముప్పు తెచ్చేది ఇవ్వనక్కర్లేదని 8వ సెక్షన్‌లో ఉంది, అది తెలిసే అడగండి.

వరద, తుఫాను రోజుల్లో పంచుకోవడానికి నంబర్లు చాలు: 112, జిల్లా విపత్తు కంట్రోల్ రూము 1077, హైవే మీదైతే 1033, అంబులెన్సుకు 108.

రొయ్యల గుంటల దగ్గరి వాకీటాకీలు

ఇది కొంచెం పక్కదారి, అయినా చెప్పాలి. పోయిన వేసవిలో అల్లూరు వైపు నుంచి రొయ్యల గుంటల సూపర్‌వైజర్ ఒకాయన నా దగ్గరికి చైనా సెట్లు రెండు తెచ్చాడు. ఆన్‌లైన్‌లో కొన్నాడు, గుంటకూ షెడ్డుకూ మధ్య మాట్లాడుకోవడానికి. "వేరే ఎవరో మాట్లాడుతున్నారన్నా, మనది వినపడటంలా" అన్నాడు. సెట్టు ఆన్ చేసి స్కాన్ కొడితే పోలీసు మాటలు. తెలియక వాళ్ళ ఛానల్ మీదే వీళ్ళు ఫీడు బస్తాల లెక్క చెప్పుకుంటున్నారు. బటన్ నొక్కినప్పుడల్లా అవతల ఒక కానిస్టేబుల్ మాట తెగిపోతోంది. నేను వెంటనే బ్యాటరీలు ఊడదీసి చేతిలో పెట్టాను.

లైసెన్స్ లేని ట్రాన్స్‌మిటర్ దగ్గర పెట్టుకోవడానికే 1933 చట్టం మూడేళ్ళ దాకా జైలు పెట్టింది. గుంటల దగ్గర నిజంగా సెట్లు కావాలంటే 446.0 నుంచి 446.2 మెగాహెర్ట్జ్ మధ్య పనిచేసే తక్కువ పవర్ సెట్లు కొనండి. 2018 నిబంధనల ప్రకారం వాటికి లైసెన్స్ అక్కర్లేదు. పెట్టె మీద ఆ ఫ్రీక్వెన్సీ రాసి ఉందా, ఈటీఏ, అంటే ఆ రకం పరికరానికి ప్రభుత్వం ఇచ్చే అనుమతి, ఉందా అని చూసి కొనండి. ఈ వివరాలు లేకుండా వాకీటాకీలు అమ్మకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2025 మేలో ఆన్‌లైన్ షాపులకు మార్గదర్శకాలే ఇచ్చింది. ఆయన ఆ రెండు సెట్లు తిరిగి పంపి వేరేవి తెప్పించుకున్నాడు.

వినాలనే సరదా ఉంటే

ఈ సరదా మంచిది. నన్ను ఇన్నేళ్ళు బతికించింది ఇదే. దాన్ని చంపుకోమని ఎవరికీ చెప్పను, సరైన దారిలో పెట్టుకోమంటాను. పన్నెండేళ్ళు నిండితే చాలు, హ్యామ్ పరీక్ష రాయొచ్చు. టెలికాం శాఖ వాళ్ళ సరళ్ సంచార్ పోర్టల్‌లో దరఖాస్తు. రిస్ట్రిక్టెడ్ గ్రేడుకు మోర్స్, అంటే చుక్కలు గీతలుగా కబురు పంపే పద్ధతి, అక్కర్లేదు, జనరల్ గ్రేడుకు కావాలి. పాసైతే మీకంటూ ఒక కాల్‌సైన్, అంటే రేడియోలో మీ పేరు లాంటి గుర్తు, వస్తుంది, రిస్ట్రిక్టెడ్ వాళ్ళకు వీయూ3, జనరల్ వాళ్ళకు వీయూ2తో మొదలవుతుంది. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడు అండమాన్‌లో ఫోన్లన్నీ పోతే, ఢిల్లీ నుంచి అక్కడికి రేడియో పని మీద వెళ్ళున్న భారతీ ప్రసాద్ గారు హ్యామ్ రేడియోతోనే బయటి ప్రపంచానికి కబుర్లు పంపారు. ఎవరెవరు క్షేమంగా ఉన్నారో ఇళ్ళకు చెప్పారు. కబురు మోయడానికి అనుమతి, నేర్పు రెండూ ఉన్న మనిషి అక్కడ ఉండటం వల్ల జరిగిన మేలు అది.

విమానాశ్రయం టవరు మాటలు కూడా పోలీసు మాటల్లాంటివే, రికార్డు చేసి నెట్‌లో పెట్టొద్దు. పోలీసు ఛానల్ ఏ ఫ్రీక్వెన్సీలో ఉంటుందని నన్ను అడగొద్దు, చెప్పను.

ఆ ఆడియో పట్టిన అబ్బాయి నెల రోజులు షాపు వైపు రాలేదు. వచ్చిన రోజు యాంటెన్నా తిరిగి ఇచ్చేశాడు. బోగోలు వెళ్ళి ఆ తల్లిని చూసి వచ్చానని చెప్పాడు. ఆమె మజ్జిగ ఇచ్చిందంట, ఒక్క మాట అనలేదంట. రెండో ఇంటికి వెళ్ళే ధైర్యం ఇంకా రాలేదన్నాడు. నేను ఆ యాంటెన్నా బల్ల మీద పెట్టి, యాభై ఎనిమిది సెంటీమీటర్ల కడ్డీలు రెంటినీ ఒక్కొక్కటి యాభైకి కోశాను. ఆ కొలత 145.800 మెగాహెర్ట్జ్‌కు సరిపోతుంది. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలోని వ్యోమగాములు బడి పిల్లలతో మాట్లాడేది ఆ ఫ్రీక్వెన్సీలోనే, అది అందరూ వినడానికి పంపేదే. తల మీదుగా పోయేటప్పుడు పది నిమిషాలు అందుతుంది. హ్యామ్ పరీక్ష దరఖాస్తు కూడా ఆ రోజే పెట్టించాను.